మా అన్న కుడిచెయ్యి

మా అన్న పోయినాడు. మొన్న మంగళవారం పొద్దున సంగటి ముద్ద ముందర పెట్టుకుని కూర్చున్నోడు అట్లనే గోడకు ఒరిగినాడు. ఒకప్పుడు తర్లుపాడు చుట్టుపక్కల ఏ ఊళ్లో జాతరైనా, చావైనా మా అన్న డప్పు మోగాల్సిందే. ఆయన్ను సాగనంపేటప్పుడు ఆ డప్పు నేను కొట్టినాను. ఆడది పాడె ముందర డప్పు పట్టడమేందని పెద్దలు తప్పు పడుతున్నారు. నాకు అక్షరం రాదు. అందుకే చెప్పి రాయిస్తున్నాను.

చిన్నప్పుడు డప్పును మంటకు కాపే పని నాది. తోలు బిగిసిందో లేదో చూద్దామని ఒకసారి వేళ్లతో వాయించినాను. నాయన కట్టె తీసినాడు. అన్న అడ్డమొచ్చి, "చెల్లిని కొడితే రేపటి నుంచి డప్పు నువ్వే కాపుకో నాయనా" అన్నాడు. నాయన నవ్వాపుకోలేక బయటికి పోయినాడు. ఇంక మేకలు మేపేకాడ అన్నం గిన్నె బోర్లించి అన్న నాకు దరువులన్నీ నేర్పినాడు. మార్కాపురం బస్సులో కూడా ఆయన వేళ్లు ముందు సీటు మీద ఆడుతానే ఉండేవి. ఎవరన్నా కసురుకుంటే, "దరువు తప్పితే చెప్పు, ఆపుతా" అనేవాడు.

నా మొగుడు పోయినాక అన్న ఇంటికే వచ్చినాను. మూడేండ్ల కింద పక్షవాతమొచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. డప్పుకు ఎడమచేతిలో సన్నపుల్ల, కుడిచేతిలో లావుపుల్ల ఉండాల. ఒక్క సన్నపుల్లతో టిక్కుటిక్కుమంటా ఆయన కూర్చుంటే నాకు కూడు దిగలేదు. పోయి పక్కన కూర్చుని లావుపుల్ల పట్టుకున్నాను. రోజూ సాయంత్రం తలుపేసుకుని ఆయన ఎడమచెయ్యి, నా కుడిచెయ్యి కలిపి కొట్టేవాళ్లం. బయట ఆ దరువు విని, ముసలోనికి చెయ్యి తిరిగొచ్చిందని ఊరంతా మెచ్చుకుంది. నేను తొందరపడితే, "ఎద్దేమన్నా తరుముతా ఉందా చెల్లే?" అనేవాడు. ఒకనాడు మాత్రం నవ్వకుండా అన్నాడు: "నన్ను నువ్వే సాగనంపాల. బ్యాండు పిలిస్తే లేచి కూర్చుంటా."

పాడె లేస్తుంటే డప్పు భుజాన తగిలించుకున్నాను. పెద్దల్లో ఒకడు నాకు వరసకు తమ్ముడు. ఇంత వయసొచ్చి ఇదేం పిచ్చి అని కసిరినాడు. "మూడేండ్లుగా నువ్వు మెచ్చుకున్న కుడిచెయ్యి ఇదే" అన్నాను. వాడు పోయి పాడె కింద భుజం పెట్టినాడు.

దింపుడు కళ్లం కాడ పాడె దించి, పోయినోళ్లను చెవిలో మూడుసార్లు పిలవాల. అన్నా, అన్నా, అన్నా అని పిలిచినాను. పలకలేదు. మళ్లీ పాడె ఎత్తినారు. నాకు చెయ్యి లేవలేదు. దరువు లేనిదే వాళ్లూ అడుగెయ్యలేదు. అప్పుడు ఆ తమ్ముడే మెల్లగా, "కొట్టక్కా. అన్నను నడిదోవలో నిలబెట్టొద్దు" అన్నాడు.

ఇప్పుడు తప్పనేవాళ్లలో వాడూ ఉన్నాడు. ఉండనీ. నేను కొట్టినాను. పాడె కింద నలుగురి అడుగులూ ఒక్కసారే లేచినాయి.