ఆసుపత్రి గుమ్మంలో అంబులెన్సు

హ్యేరిమ్ రేవు బజారులో ఎండుచేపలు, నాచు అమ్మేది. భర్త తేగుక్ పీతల పడవ మీద పనికి పోయేవాడు. కూతురు బోమికి జ్వరం కాస్త పెరిగితే చాలు, ఫిట్స్ వచ్చేవి. అందుకే హ్యేరిమ్ అత్తగారింటి నుంచి వచ్చేసి, ఊళ్లోని పెద్దాసుపత్రి ఎదురుగా ఇరుకు గది ఒకటి అద్దెకు తీసుకుంది.

“ఆసుపత్రికి కాపలా కాస్తావా ఏం?” అని అత్తగారు దెప్పింది.

“అవసరమైతే కాస్తాను.”

మొదట్లో ఆ గదే వాళ్లను కాపాడింది. బోమి కళ్లు తేలేయగానే హ్యేరిమ్ ఎత్తుకుని రోడ్డు దాటేది. ఎమర్జెన్సీలో నర్సు ఉన్‌సిల్ పిల్లను అందుకుని, “ఏం బోమీ, మామీద బెంగ పెట్టుకున్నావా?” అంటూనే సూది సిద్ధం చేసేది. పిల్లల డాక్టరు పరుగున దిగి వచ్చేవాడు.

తరవాత పిల్లల డాక్టర్లు ఒక్కొక్కరే రాజధాని సియోల్‌కు వెళ్లిపోయారు. చివరాయన కూడా మానేశాక, ఇక చిన్నపిల్లల్ని చూడబోమని ఎమర్జెన్సీ తలుపుకు రాసి అంటించారు. మళ్లీ ఇల్లు మారదామంది హ్యేరిమ్.

“పీతల కాలం అయిపోనీ,” అన్నాడు తేగుక్.

అది అవకముందే ఒక మధ్యాహ్నం బోమి కొయ్యబారిపోయింది. హ్యేరిమ్ చెప్పులైనా లేకుండా పరుగెత్తింది. తలుపు దగ్గరే ఉన్‌సిల్ ఎదురొచ్చింది.

“అక్కా, పిల్లల డాక్టరు లేరు.”

“నువ్వున్నావుగా. ఎప్పుడూ వేసే సూదే వెయ్యి.”

“డాక్టరు చెప్పకుండా నేనెలా వేస్తాను? లోపలాయన పెద్దవాళ్ల డాక్టరు. పిల్లకేమైనా అయితే కేసవుతుందని ముట్టుకోనంటున్నాడు. అంబులెన్సు పిలిచాను.”

“ఆసుపత్రి నుంచి ఆసుపత్రికా?”

ఉన్‌సిల్ ఆక్సిజన్ తెచ్చి పిల్ల ముఖానికి పెట్టి, పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది.

అంబులెన్సయితే వచ్చింది గాని, ఏదో ఒక ఆసుపత్రి చేర్చుకుంటాననేదాకా కదల్లేదు. అందులోని మనిషి ఆసుపత్రి తరవాత ఆసుపత్రికి ఫోను చేశాడు. ఒకచోట మంచం లేదన్నారు, ఇంకోచోట డాక్టరు సెలవన్నారు. చివరికి కొండల అవతలి పట్నంలో సరేనన్నారు. దారి పొడుగునా బోమికి ఫిట్స్ ఆగలేదు.

“ఇంత ఆలస్యం చేశారేమ్మా? ఎక్కడుంటారు మీరు?” అని అక్కడి డాక్టరు కసిరాడు.

“పెద్దాసుపత్రి ఎదురుగానేనండి,” అంది హ్యేరిమ్.

బోమి బతికింది. ఎడమ చెయ్యి పట్టు తప్పింది, మాటకు నత్తి వచ్చింది. భర్తను రేవులో వదిలి, హ్యేరిమ్ పిల్లతో ఆ పట్నంలోనే ఉండిపోయింది.

ఒక ఆదివారం ఉన్‌సిల్ పళ్లు పట్టుకుని వచ్చింది.

“నన్ను తిట్టక్కా.”

“నిన్ను తిట్టి ఊరుకుంటే పిల్లల డాక్టర్ని పెట్టని ఆ పైవాళ్లకే హాయి.”

పళ్లు తీసుకుంది గాని, కూర్చోమనలేదు.