సన్న నూలు, చిక్క గంజి

నా చిన్నప్పుడు కోరుట్లలో మా వాడకట్టు వాళ్ళంతా చలికాలం పొద్దున మా బాపు కారు దగ్గుకే నిద్ర లేచేవాళ్ళు. బాపు దుబాయిలో ఏళ్ళ తరబడి లారీ నడిపి, ఇక చాలనుకుని తిరిగొచ్చి, సంపాదించిందంతా పెట్టి ఒక పాత చిన్న కారు కొన్నాడు. జగిత్యాలకు, మెట్‌పల్లికి కిరాయిలకు తిప్పేవాడు. ఆ కారు నడిస్తే బాపు ఇంట్లో ఉంటాడు, మూలపడితే మళ్ళీ విమానం ఎక్కుతాడు. అమ్మ ముఖం చూస్తేనే నాకు ఆ సంగతి తెలిసేది.

అందుకే బాపు ఆ కారుకు ఏ లోటూ రానిచ్చేవాడు కాదు. ఎడారి ఎండల్లో లారీకి పోసిన చిక్కటి ఇంజన్ ఆయిలే దీనికీ పోశాడు. ఎంత చిక్కగా ఉంటే అంత బలమని ఆయన నమ్మకం. పాల విషయంలో ఒప్పుకోవచ్చు. కారు మాత్రం ఒప్పుకోలేదు. పొద్దున తాళం తిప్పితే మూలిగేది. ఎలాగో స్టార్టయ్యాక కాసేపు ఇంజన్ పైనుంచి టకటకమని చప్పుడు. బాపు "ఇంజన్ పాతది, గంతే" అని ఇంకా చిక్కటి ఆయిల్ కోసం వెతికేవాడు.

అప్పుడు సిరిసిల్ల నుంచి మా అమ్మమ్మ వచ్చింది. పుట్టిందీ మెట్టిందీ నేతవాళ్ళ ఇళ్ళలోనే. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలుకు గంజి పెట్టడంలో ఆమెది పేరున్న చెయ్యి. మా దిక్కు అత్త అల్లుడికి ఎదురుగా నిలబడి సలహా చెప్పదు. పిల్లలతో మాట్లాడుతుంది, అల్లుడి చెవిన పడేట్టు.

మర్నాడు బాపు బానెట్ ఎత్తి నిలబడ్డప్పుడు అమ్మమ్మ నన్ను గడప దగ్గరికి పిలిచింది. ఆముదం సీసా, అమ్మ కుట్టుమిషన్ నూనె సీసా తెప్పించింది. పళ్ళేన్ని ఏటవాలుగా పట్టుకోమని, పై అంచున రెండూ ఒక్కో చుక్క వేసింది. మిషన్ నూనె జర్రున దిగింది. ఆముదం పైనే తాపీగా కూర్చుంది.

"చూసినవా బిడ్డా," అంది కొంచెం గట్టిగా. "గింత చలిల చిక్కటిది ఎప్పుడు పాకాలె, ఎప్పుడు అందాలె? అందేదాక లోపట ఇనుముకు ఇనుము ఒరుసుకుంటది గద."

"అయితె పల్చటిదే మంచిదా అమ్మమ్మా?"

"గట్ల గాదు. సన్న నూలుకు చిక్క గంజి పెడితె పోగులన్ని అంటుకుంటయి. మరీ నీళ్ళగుంటె మగ్గం మీద తెగుతయి. నూలును చూసి పెట్టాలె. మన ఇష్టం నడువది."

బాపు ఇటు తిరగలేదు. డాష్‌బోర్డు అరలోంచి కారుతో వచ్చిన పుస్తకం తీసి చదివాడు. ఆ సాయంత్రమే పాత ఆయిల్ దింపి, అందులో కంపెనీ చెప్పిన పల్చటి ఆయిల్ పోయించాడు. మర్నాడు పొద్దున కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. "పిల్లకు మంచి ముచ్చట జెప్పినవ్ అత్తా" అన్నాడు బాపు. అమ్మమ్మ ఏమీ ఎరగనట్టు చాయ్ తాగింది.

ఇప్పుడు నా కారు సర్వీసుకిచ్చినప్పుడు ఎవరైనా "చిక్కటిది పోద్దామా మేడం, బలం" అంటే నవ్వొస్తుంది. డబ్బా మీద 5డబ్ల్యూ-30 లాంటి అంకెలు నేనే చదువుతాను. డబ్ల్యూకు ముందున్నది చలికి, తర్వాతది వేడికి. నా కారు పుస్తకంలో చెప్పినవైతేనే మూత తియ్యనిస్తాను. ఇంట్లో పెద్దవాళ్ళ పొరపాటు దిద్దాల్సి వచ్చినా మనవరాలిని పిలిచి దానికే చెబుతాను.

బాపు మళ్ళీ దుబాయి పోలేదు. నా బడి, నా పెళ్ళి, నా పిల్లల పురుళ్ళు, అన్నిటికీ ఆయన ఇంట్లోనే ఉన్నాడు. మా వాడకట్టులో తండ్రిని ఫోటోలో చూసుకుంటూ పెరిగిన పిల్లలే ఎక్కువ. నేను మాత్రం బాపు చెయ్యి పట్టుకుని పెరిగాను.