షుగర్ ఫోన్ పిల్ల

మా షుగర్ సంగతి డాక్టరుకు తెలిసేలా ఫోన్‌లో ఒక యాప్ తయారుచేస్తూ, దాన్ని మా చేత నొక్కించి చూడటానికి ఆ పిల్ల కామారెడ్డి నుంచి మా ఎల్లారెడ్డికి వచ్చేది. మేము ఏది తప్పు నొక్కినా, "నీ తప్పు కాదవ్వా, నేనే మంచిగ చెయ్యలే" అనేది. మాత్ర మింగి నొక్కితే ఆకుపచ్చ గుర్తు పడేది. అది చూసి ఆ పిల్ల ఎంత మురిసిపోయేదో! ఆ మురిపెం చూడాలని, మింగని రోజుల్లో కూడా నొక్కాను.

దవాఖానాలో డాక్టరు ఆ గుర్తులన్నీ చూసి, "రోజూ వేసుకున్నా షుగర్ దిగలేదంటే, మాత్ర పెంచాల్సిందే" అన్నాడు.

"ఆగుండ్రి సార్, నా యాప్‌లనే ఏదో తప్పున్నది. అవ్వ అబద్ధమాడదు" అంది నాతో వచ్చిన ఆ పిల్ల. డాక్టరు అందరి ముందూ ఆమెనే కసిరాడు.

బయటికొచ్చాక, "ఏడ కష్టమైతుందవ్వా? చూపియ్యి, మారుస్త" అంది. నేను ఫోన్‌లో ఏదో ఒకచోట వేలు పెట్టాను. ఆమె దాన్ని శ్రద్ధగా రాసుకుంది.