ఎల్లో హౌస్ నాదే సిస్టరమ్మా

ఆ రోజుల్లో మస్కట్‌లో ఎవరు పలకరించినా మొదటి ప్రశ్న ఒకటే: "ఏ హౌస్?" కూరగాయల కొట్టు మలయాళీ అడిగేవాడు, రూవి బస్సులో పక్కన కూర్చున్న గోదావరి అక్కలు అడిగేవారు. ఏ ఇంట్లో పని అని దానర్థం. మా మేడం వాళ్ళ విల్లా ఖురంలో, గోడలకు గట్టి పసుపు రంగు. డ్రైవర్ భాయీలందరికీ అది "ఎల్లో హౌస్". నా జవాబూ అదే. ముప్పై దాటాక కడప నుంచి విమానమెక్కి వచ్చినదాన్ని, ఇంగ్లీషులో తడబడకుండా అనగలిగినవి ఆ రెండు మాటలే. (అక్షరాలంటారా, ఏ భాషవీ రావు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా చూసుకోవడం అసలు డ్యూటీ కంటే పెద్ద డ్యూటీ నాకు. ఎవరైనా ఏదైనా చదివి చెప్పమంటే వెంటనే నా కంట్లో నలుసు పడేది.)

మేడం చిన్నప్పుడు కోస్తాలో కథోలిక సిస్టర్లు నడిపే ఆడపిల్లల బడిలో చదివారు. ఆ బడిలో చదివినవాళ్ళు మస్కట్‌లో కొందరుండేవారు. ఏటా ఒకచోట చేరి బడి పుట్టినరోజు చేసుకునేవారు. ఆ ఏడు వాళ్ళ పాత హెడ్మిస్ట్రెస్, అందరూ పెద్ద సిస్టర్ అనే ఆవిడ, రిటైరై రూవిలో తమ్ముడింటికి వచ్చి ఉన్నారు. పండగ ఆవిడ ముందే. ఆఫీసులో మగవాళ్ళను గడగడలాడించే మా మేడం ఆ వారమంతా గోళ్ళు చూసుకుంటూ తిరిగారు. "సిస్టర్ గోళ్ళు చూస్తారే! ఇప్పటికీ చూస్తారు!"

సాయంత్రాలు మా హాల్లో రిహార్సల్. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ వినేదాన్ని. ఆ బడిలో పిల్లలను రంగుల పేర్లతో నాలుగు జట్లు చేస్తారు, జట్టును హౌస్ అంటారు. (ఇది నాకు తర్వాత తెలిసింది. తెలియాల్సిన వేళకు తెలియలేదు.) ఏటా ఒక హౌస్ వంతున, అందులో అందరికంటే చిన్నది బడి చరిత్రను పైకి చదవాలి. మేడం ఇంగ్లీషులో ఒక ముక్క చదివేవారు. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు డాక్టరమ్మ దాన్నే తెలుగులో చెబుతూ ఇంకో ముక్క కలిపేవారు. ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు. ఏది చరిత్రో, ఏది వేళాకోళమో నాకేం తెలుసు? అంతా కలిపి నోటికి వచ్చేసింది. మొదట ముగ్గురు సిస్టర్లు ఓడ దిగి, ఎడ్లబండిలో ఆ ఊరికి వచ్చారట. ఆడపిల్లలకు చదువెందుకని ఎవరూ పంపలేదట. సరే, కుట్లు నేర్పుతాం పంపండన్నారట. వచ్చిన పిల్లల చేత గుడ్డ మీద పువ్వుల మధ్య అక్షరాలు కుట్టించారట. తండ్రులకు పువ్వులే కనిపించేవి. అది విన్న రోజు నేను కత్తి పక్కన పెట్టి అట్లాగే నిలబడిపోయాను.

పండగ రోజు రూవి ఫ్లాట్‌లో సిస్టర్ కుర్చీలో కూర్చున్నారు. కంటి ఆపరేషన్ అయి చూపు ఇంకా మసక. "ఎత్తు ప్రకారం వరసలో నిలబడండి" అన్నారు. జుట్టుకు రంగేసుకున్న అమ్మలందరూ తోసుకుంటూ నిలబడ్డారు. డాక్టరమ్మ పొట్ట లోపలికి లాక్కున్నారు. వడల పళ్ళెంతో వాళ్ళ ముందునుంచి పోతున్న నా చెయ్యి సిస్టర్ పట్టుకున్నారు.

"అందరికంటే చిన్నగా ఉన్నావు. ఏ హౌస్?"

"ఎల్లో హౌస్ సిస్టరమ్మా!" అన్నాను టక్కున.

"ఈ ఏడు వంతు మీదే. చదువు."

మేడం నోరు తెరిచారు. (ఆవిడదీ ఎల్లో హౌసే. ఆ అభిమానంతోనే ఓనర్‌తో పోట్లాడి విల్లాకు ఆ రంగు వేయించారట.) సిస్టర్ వేలెత్తారు. సిస్టర్ వేలెత్తాక ఎవరూ మాట్లాడకూడదు, అది ఆ బడి ఆచారం. మేడం చేతిలో కాగితం నా చేతికొచ్చింది, నా పళ్ళెం మేడం చేతికెళ్ళింది. ఇంతమంది చదువుకున్నవాళ్ళ ముందు నా గుట్టు బయటపడితే రేపటి నుంచి మొహం ఎట్లా చూపించాలి? కాగితం మీద నుంచి చూపు తిప్పకుండా, వంటింట్లో విన్నదంతా అందుకున్నాను.

"ముగ్గురు సిస్టరమ్మలు బండి కట్టుకోని వచ్చినారు. ఆడపిల్లోళ్లకు సదువెందుకు పొమ్మన్నారు ఊర్లో. కుట్లు నేర్పిస్తాం రాండన్నారు. బెల్లు లేకుంటే రైలుపట్టా ముక్క ఏలాడగట్టి కొట్టినారు. ఆ మీదట పెద్ద సిస్టరమ్మ వచ్చినారు. ప్రార్థన ఎగ్గొట్టిన పిల్లోళ్లను పట్టుకునేకి జామచెట్టు ఎక్కినారు. ఎక్కినారు గానీ దిగేకి రాల్యా. వాచ్‌మన్ నిచ్చెన తెచ్చేదాకా ఆడనే కూచ్చోని జపమాల తిప్పినారు."

డాక్టరమ్మ మేడం వెనక్కి నక్కారు.

"అబద్ధం!" అన్నారు సిస్టర్. "నిచ్చెన ఎవరూ తేలేదు. నేనే దూకాను. ఈ మోకాలి నొప్పి అప్పటిదే."

ఇల్లు నవ్వుతో దద్దరిల్లింది. సిస్టర్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నా చేతిలో కాగితం తీసుకుని ముక్కుకు ఆనించుకుని చూశారు. "ఇదేమిటి, ఇంగ్లీషులో ఉందే!"

నవ్వులు ఆగిపోయాయి. కాగితం మీద రెండింటిలో ఏ భాషుందో నాకెట్లా తెలుస్తుంది? తల వంచుకున్నాను. నలుసు పడిందని చెప్పే పనే లేకపోయింది, కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి.

సిస్టర్ నా వేళ్ళు పట్టుకుని తిప్పి చూశారు. "గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. వచ్చే శుక్రవారం చర్చిలో పూజయ్యాక రా. సూదీ దారం తెచ్చుకో."

"డ్రైవర్‌ను పంపిస్తాను సిస్టర్" అన్నారు మేడం, పళ్ళెం పట్టుకునే.

అట్లా పాత దిండు గలీబు మీద నా చదువు మొదలైంది. నేను కుట్టిన "అ" చూసి, "ఇది అక్షరమా, జిలేబీనా? విప్పు, మళ్ళీ కుట్టు" అనేవారు సిస్టర్. గుణింతాలు సగంలో ఉండగా ఆవిడ వీసా అయిపోయింది. మిగతా సగం మేడం కేకలేస్తూ నేర్పారు. సిస్టర్ వెళ్ళిపోయే ముందు, ఆఖరి శుక్రవారం ధైర్యం చేసి అడిగాను.

"నేను మీ బడి పిల్లను గాదని మీకెప్పుడు తెలిసె సిస్టరమ్మా?"

"నువ్వు జవాబు చెప్పినప్పుడే. మా పిల్లలు నేల చూసి జవాబు చెప్తారు. నువ్వు నా మొహం చూసి చెప్పావు."

"మళ్ళ నన్నెందుకు చదవమంటిరి?"

"వరసలోంచి ఎవరినీ వెనక్కి పంపే ఆచారం మా బడికి లేదే పిల్లా."

ఇప్పుడు ఏటా నేనూ ఆ వరసలో నిలబడుతున్నాను. బడి చరిత్రను తెలుగులో నా చేతే రాయించారు, జామచెట్టుతో సహా. అయితే నా వంతు వచ్చినప్పుడు ఒత్తు దగ్గర ఆగుతాను, దీర్ఘం దగ్గర తడబడతాను. ఇంగ్లీషు కాగితంలోంచి కడప తెలుగు గడగడా చదివేసిన ఆ మనిషి అప్పుడు గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. ఆమె మీద కాస్త అసూయ కూడా.