కారు తాళం మాట వినని కిటికీలు

ఆ ఆదివారం సాయంత్రంలోపు నా భార్య కారేసుకుని, జర్మనీలో మేముండే పాడర్‌బోర్న్ నుంచి బ్రెమెన్ వెళ్ళాలి. మర్నాడు అక్కడ విమానాల కంపెనీలో ఉద్యోగంలో చేరుతోంది. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి, శుక్రవారం రాత్రికి ఇంటికి రావడం ఏర్పాటు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మేమిద్దరం వేరే ఊళ్ళలో ఉండబోవడం అదే మొదటిసారి. పైకి నవ్వుతూ కేకు కోయించాను గానీ, నాకు ఒకచోట కాలు నిలవడం లేదు.

చర్చి నుంచి రాగానే సూట్‌కేసు పెడదామని కిందికి దిగాం. కారు ఎండకి కాలిపోతోంది. తాళం మీద అన్‌లాక్ బటన్ నొక్కి పట్టుకుంటే నాలుగు అద్దాలూ దిగి వేడంతా పోవాలి. తలుపులు తెరుచుకున్నాయి, అద్దాలు కదల్లేదు.

"పోనీలెండి, లోపలి స్విచ్చులు పనిచేస్తున్నాయిగా" అంది.

"ఇలా ఎలా పంపిస్తాను? ఆటోబాన్ మీద, హైవే స్పీడులో ఇంకేదైనా అయితే?" అన్నాను. అద్దాలకీ ఆటోబాన్‌కీ ఏమిటి సంబంధమో నాకే తెలియదు.

ఆదివారం కదా, ఇక్కడ దుకాణాలు తెరవరు. వంటింట్లో తూకం మిషన్లోంచి బటన్ సెల్లు పీకి తాళంలో వేశాను. లాభం లేదు. అల్మరా అంతా తిరగేసి రెండో తాళం తెచ్చాను. అదీ అంతే. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతుంటే, కింది ఇంటి పెద్దావిడ కిటికీలోంచి తల బయటపెట్టి, ఇవాళ ఆదివారం, ఇలాంటి పనులు చెయ్యకూడదని గుర్తుచేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

చివరికి కారు మాన్యువల్ తెరిచాను. బ్యాటరీ తీస్తే అద్దాల సెట్టింగు పోతుందట. ఒక్కో అద్దాన్నీ పూర్తిగా పైకి లేపి, స్విచ్ అలాగే కొన్ని క్షణాలు లాగి పట్టుకుంటే చాలట. మా బావమరిది పెళ్ళికని ఐదు వారాలు కాకినాడ వెళ్తూ బ్యాటరీ వైరు ఊడదీసింది నేనే. మా నాన్న ఊరెళ్తే గ్యాస్ కట్టేసి, మెయిన్ ఆపేసి, కారు బ్యాటరీ వైరు ఊడదీసి గానీ గడప దాటేవారు కాదు. ఆ అలవాటు నాకూ వచ్చింది. తిరిగొచ్చి నాలుగు రోజులే అయింది, ఎండ కాసింది ఇవాళే.

ఇదంతా తెలిసేసరికి పన్నెండు. నేను మాన్యువల్ మూసేసి మళ్ళీ ఫ్యూజుల దగ్గరికే వెళ్ళాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. కారు బాగవకపోతే ఈ పూటకి తను ఆగుతుంది కదా అనుకున్నాను. ఆ తర్వాత ఏమిటన్నది ఆలోచించలేదు.

నాలుగింటికి మా ఆవిడ కిందికి వచ్చింది.

"రేపు మెకానిక్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. ఒక్కరోజు ఆగుతానని ఆఫీసుకి మెయిల్ పెట్టెయ్" అన్నాను.

ఆవిడ డ్రైవర్ సీట్లో కూర్చుంది. ఒక్కో అద్దాన్నీ పైకి లేపి స్విచ్ లాగి పట్టుకుంది. దిగి, తలుపు వేసి, తాళం నొక్కి పట్టింది. నాలుగు అద్దాలూ దిగాయి. లాక్ బటన్ నొక్కి పడితే ఎక్కాయి.

"నీకెలా తెలుసు?"

"మీరు పైకి నీళ్ళకొచ్చినప్పుడు కిందికి దిగి మాన్యువల్ చూశాను. మీరూ చదివే ఉంటారుగా. చెప్తారేమోనని ఇప్పటిదాకా చూశానండీ."

నేను ఫ్యూజుల పెట్టెకి మూత పెట్టేశాను.

"వెళ్ళొద్దని ఉంటే ఆ మాట అనొచ్చుగా. రెండు నెలల్నుంచి ఒక్కసారైనా అనలేదు మీరు" అంది.

"వెళ్ళొద్దు" అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఇప్పటికైనా అన్నారు" అంది. మళ్ళీ లోపల కూర్చుని, సీటు బెల్టు పెట్టుకుని కారు స్టార్ట్ చేసింది.