వెనక నుంచి నెలలు

కెనడాలోని థండర్ బే ఊరి ఐస్ హాకీ జట్టులో ఆటగాళ్ల దెబ్బలు చూసే కాస్కినెన్‌ది ఇరవై రెండేళ్ల అనుభవం. తల పగలగొట్టుకోవడాన్ని ఎవరైనా వీరత్వమంటే ఆయనకు ఒళ్లుమంట. ఆ రోజు ఆట మధ్యలో జరిగిన కొట్లాటలో పిడిగుద్దు తిని మంచు మీద పడ్డ ఆటగాడు రేమీ, మళ్లీ ఆటలోకి దిగుతానని పట్టుబట్టాడు. కాస్కినెన్ అతన్ని లోపలి గదిలో కూర్చోబెట్టాడు.

"నెలలు వెనక నుంచి చెప్పరా."

రేమీ గడగడా అప్పజెప్పాడు. మెదడు అదిరిందేమో చూసే ఈ పరీక్షను, జట్టు తరఫున పిడిగుద్దులకు దిగే రేమీలాంటి కొట్లాటగాళ్లంతా ముందే బట్టీపడతారు.

"భేష్. ఇప్పుడు ముందు నుంచి."

"జనవరి, ఫిబ్రవరి, ఏప్రిల్... ఇది అన్యాయం ముసలాయనా! ఇది నేను చదవలేదు!"

కాస్కినెన్ నవ్వాపుకుంటూ అతని హెల్మెట్ తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"మార్చి నెల ఎగిరిపోయింది నాయనా. నీ ఆట ఇవాళ్టికి అయిపోయింది. పద, డాక్టరు దగ్గరికి."