అడవిలో పాలు పొంగించిన రత్నమ్మక్క

పాలు మాడిన వాసన వస్తే చాలు, నా చేతిలో పని ఆగిపోతుంది. మా కల్లూరులో ఆ వాసనకు కొదవ లేదు. ఏ వీధిలో చూసినా ఓ కొత్త ఇల్లు లేస్తూనే ఉంటుంది. ఆ ఇళ్లకు గేట్లు, కిటికీలకు గ్రిల్లులు చేసిచ్చేది నేనే కాబట్టి గృహప్రవేశానికి నన్నూ పిలుస్తారు. మొన్న ఒకరింట్లో ముహూర్తం ముంచుకొస్తుంటే నేనింకా గేటుకు గడియ బిగిస్తూనే ఉన్నాను. లోపల ఆడవాళ్లు మాటల్లో పడి పొయ్యి సంగతి మరచిపోయారు. పాలు పొంగి, పొర్లి, బర్నరు మీద పడి మాడాయి. ఇంటాయన సంబరంగా అందరికీ చక్కెర పంచుతున్నాడు. నేను స్పానరు పట్టుకొని అలాగే నిలబడిపోయాను. నల్లమలలో ఒక బండ, ఆ బండ మీద చిన్న గ్యాసు పొయ్యి, దాని ముందు చీర కుచ్చిళ్లు నడుముకు దోపుకొని కూర్చున్న నాగరత్నమ్మ నా కళ్ల ముందుకు వచ్చేసింది. ఆమె పోయాక వచ్చిన మొదటి శివరాత్రి దాటి ఇంకా ఎన్నాళ్లో కాలేదు. ఆమెను చూడనివాళ్లకు ఆమె సంగతి చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

మేమంతా ఆమెను రత్నమ్మక్క అనేవాళ్లం. కల్లూరులో ఇనుప సామాన్ల అంగడి ఆమెది. శెట్ల ఇంటి కోడలు. మొగుడు పోయాక అంగడి మూతపడుతుందని బజారంతా అనుకుంటే, కర్మలు కాగానే కుర్చీ వేసుకొని కూర్చుంది. మాట కరుకు. బేరమాడేవాణ్ణి ఒక చూపు చూసిందంటే వాడు నోరెత్తకుండా మేకులు పొట్లం కట్టించుకొని పోవలసిందే. నాకూ నోరు తక్కువేం కాదు, కానీ ఆమె ముందు మాత్రం పిల్లినైపోయేవాణ్ణి. ఏటా శివరాత్రి దగ్గర పడుతుందనగా అంగడి కొడుకుకు అప్పజెప్పి ఆమె అడవికి పోయేది. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలో పడి, నాగలూటి, పెచ్చెర్వు మీదుగా శ్రీశైలం చేరే కాలిదారి ఒకటుంది. పడమటి ఊళ్ల నుంచి, కర్ణాటక నుంచి వేల జనం ఆ దారిన నడిచి పోతారు. వానాకాలం వచ్చిందంటే ఆ దారి దారిలా ఉండదు. వెదుర్లు అడ్డం పడతాయి, కంప అల్లుకుంటుంది, వంకల దగ్గర గట్లు కోసుకుపోతాయి. జనం వచ్చేలోగా దాన్ని బాగుచేసే గుంపుకు రత్నమ్మక్క పెద్ద. ఆమెను ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ కాదనీ అనలేదు.

నేను ఆ గుంపులో పడింది కత్తుల పుణ్యమా అని. ఒక మాఘమాసంలో మచ్చుకత్తులు, కొడవళ్లు గోతంలో వేయించి ఆటోలో నా షాపుకు పంపింది. సాన పట్టాను. తీసుకుపోవడానికి తానే వచ్చి, అంచును వేలితో తడిమి చూసి, “బాగుండాయి ఓబులేసూ. ఇయ్యి యాడ తెగుతాయో చూస్తావా?” అంది.

“యాడక్కా?”

“రేపొద్దన జీపు వస్తాది. చెప్పులతో రావద్దు, బూట్లేసుకోని రా.”

వస్తానని నేను అనలేదు. రానని అనడానికి ఆమె సందివ్వలేదు.

అడవిలో దిగగానే నా చేతికి కత్తి ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు. “నువ్వు ఈ దావన ఎప్పుడన్నా నడిచినావా?” అని అడిగి, లేదనగానే, “అయితే ముందర పో. మేమంతా ఎనకాల వస్తాం. ఎవురూ నోరు తెరవం,” అంది. నేను నడిచాను. దారి చీలినట్టు కనబడిన చోట, ఎటు పోవాలో తెలియక నిలబడిన చోట, వెనక్కు తిరిగి చూస్తే అందరూ మూగనోము పట్టినట్టు నన్నే చూస్తున్నారు. నేను తడబడిన ప్రతిచోటా ఆమె కర్రతో నేల మీద గీత గీసి, “ఈడ నిలబడినాడు. ఈడ కంప కొట్టండి,” అనేది. ఒళ్లు మండిపోయింది నాకు.

“ఏందక్కా, నన్ను ఎద్దు మాదిరి తోలుతాండావు?”

“ఎద్దుకైతే దావ తెలిసుండు. నువ్వు తెలీనోడివి. అందుకే నువ్వు గావల్ల.”

ఆత్మకూరు దగ్గర పొలాలున్న మద్దిలేటిరెడ్డి, ఏటా తన పారా గడ్డపారా తానే తెచ్చుకొని వచ్చే పెద్దమనిషి, పగలబడి నవ్వాడు. “పోయినేడు నన్ను తోలిందిలే అప్పా, ఈ ఏడు నీ వంతు,” అన్నాడు. దారి తెలిసినవాడికి ఎలా ఉన్నా బాగున్నట్టే ఉంటుందని, అందుకే ఏటా ఒక కొత్త మనిషిని ముందు నడిపించాలని ఆమె పట్టుదల. ఆ పద్ధతి నా పనిలోకి కూడా వచ్చేసింది. గేటు బిగించాక గడియ నేను తీసి చూసుకోను. వీధిలో పోయే ఎవరినో పిలిచి తీయమంటాను. వాళ్లు రెండోసారి లాగారంటే గడియ ఊడదీసి మళ్లీ చేస్తాను. నా దగ్గర పనిచేసేవాళ్లు గొణుక్కుంటారు. గొణుక్కోనీ.

ఇక ఆ రాళ్ల సంగతి చెప్పాలి. అది పులులు తిరిగే అడవి. చెట్లకు మేకులు కొట్టడం, బండలకు రంగు పూయడం కుదరదని అధికారులు ముందే చెప్పారు. అందుకని దారి మలుపుల్లో రాయి మీద రాయి పేర్చి గుర్తు పెట్టేవాళ్లం. కానీ ఆ దారిన నడిచేవాళ్లకు ఇంకో ఆచారం ఉంది. సొంత ఇల్లు కావాలనుకున్నవాళ్లు దారి పక్కన రాళ్లు పేర్చి బొమ్మరిల్లులా కట్టి దండం పెట్టుకుంటారు. దేవుడు చూసి ఇల్లు ఇప్పిస్తాడని నమ్మకం. పెచ్చెర్వు దాటినాక ఒకచోట దారి రెండుగా చీలుతుంది. కుడివైపు అసలు దారి, ఎండలో ఎక్కాలి. ఎడమవైపు ఎండిపోయిన వంక, చల్లగా నీడ ఉంటుంది, బల్లపరుపు రాళ్లు బోలెడు దొరుకుతాయి. అలసిన జనం ఆ నీడలో కూర్చొని ఇళ్లు పేర్చేవాళ్లు. ఏటికేడు ఆ ఇళ్లు వంక పొడుగునా లోపలికి పాకాయి. మాలో ఒక్కరమూ పట్టించుకోలేదు. నా పెండ్లాం పేర్చిన ఇల్లు కూడా అక్కడే ఉంది. అప్పటికి మాది అద్దె కొంప.

ఒక ఏడు శివరాత్రికి ఆలూరు వైపు నుంచి ఒక పెద్దాయన ఒంటరిగా వచ్చాడు. తోటివాళ్లు ముందు వెళ్లిపోయారు. పెచ్చెర్వు దగ్గర నడిచేవాళ్ల కోసం మేం వేసిన చలువ పందిట్లో రత్నమ్మక్కే ఆయనకు మజ్జిగ పోసింది. ఆయన దారి అడిగితే, “రాళ్లు పేర్చినకాడికల్లా పో నాయనా, దావ తప్పదు,” అని చెప్పింది. నేను పక్కనే గ్లాసులు కడుగుతున్నాను. ఆయన దండం పెట్టి పోయాడు. శ్రీశైలంలో తోటివాళ్లకు కనబడలేదు. అందరం వెతికాం. దొరికేసరికి ప్రాణం లేదు. ఆ వంకలో, చాలా లోపల, చుక్క నీరు లేని చోట పడి ఉన్నాడు. పెద్దాయనకు మతి చెడిందన్నారు కొందరు, తాగుంటాడన్నారు ఇంకొందరు. రత్నమ్మక్క ఆ మాటలు నమ్మలేదు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో నాతో ఒకే ఒక్క మాట అంది. “ఆయప్ప దావ తప్పలేదు ఓబులేసూ. నేను చెప్పినట్లే పోయినాడు.” ఆ మాట వాళ్ల ఇంటివాళ్లకు చెప్పాలని ఆలూరు వైపు వెళ్లి విచారించింది. ఆ ఇంటివాళ్లు ఊరు విడిచి పనులకు వలస పోయారని, ఎక్కడున్నారో తెలియదని చెప్పారట.

మరుసటి ఏడు కొత్త మనిషిగా తన కోడలినే తెచ్చింది. ఆ పిల్ల కర్నూలు సిటీలో పుట్టి పెరిగింది, అడవి చూడటం అదే మొదలు. చీలిక దగ్గరకు వచ్చింది. ఒక్క క్షణం కూడా ఆగలేదు, తడబడలేదు, పేర్చిన రాళ్లను చూసుకుంటూ చకచకా వంకలోకి దిగిపోయింది. “రామ్మా, ఇంక చాలు, ఎనక్కి రా,” అని రత్నమ్మక్క పిలిచిన గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. తర్వాత మావైపు తిరిగి, “ఇయ్యన్నీ తీసెయ్యల్ల,” అంది.

ఎవరూ కదల్లేదు. మద్దిలేటిరెడ్డి పార కింద పెట్టేశాడు. “అక్కా, ఇది మాత్రం నా చేత కాదు. ఎవురో పేదోళ్లు ఇల్లు గావల్లని మొక్కుకున్నెవి. కూల్చితే ఆ ఉసురు నాకు తగుల్తాది.” నేనూ తల వంచుకున్నాను. ఇంకొకరి ఇల్లు సరే, నా పెండ్లాం ఇల్లు నా చేత్తో ఎలా తన్నేది? రత్నమ్మక్క తిడుతుందని చూశాను. తిట్టలేదు. చాలాసేపు ఆ రాళ్ల దగ్గర తిరిగి, “సరే పదండి,” అని జీపెక్కింది. ఆమె వెనక్కు తగ్గడం అదే మొదలు. మేమంతా ఓడిపోయిన ముఖాలతో ఇళ్లకు వచ్చాం.

రెండు రోజులకే మళ్లీ కబురు పెట్టింది. వెళితే జీపులో గ్యాసు పొయ్యి, పాలక్యాను, కొత్త గిన్నె, పసుపు, కుంకుమ, టెంకాయలు. చీలిక దగ్గర దిగి, కుడివైపు అసలు దారి మొదట్లో ఉన్న బండ తుడిచి, పొయ్యి పెట్టింది. వెంట వచ్చిన అటవీశాఖ బీటు గార్డు లబోదిబోమన్నాడు. “అమ్మా, అడవిలో మంట పెడితే నా ఉద్యోగం పోతాది!” “పోదులే. బండ మీద పెడతాండా. నీళ్ల బిందె ఇదో. నువ్వే పక్కన నిలబడు,” అంది. పాపం, ఆయన పచ్చికొమ్మ ఒకటి విరుచుకొని, చుట్టూ ఎండుటాకులన్నీ ఊడ్చి, పెళ్లివారి మనిషిలా నిలబడ్డాడు. పాలు పొంగాయి. పొర్లి మాడాయి. రత్నమ్మక్క లేచి మా అందరినీ చూసి అంది: “ఏమప్పా, అద్దె కొంప ఖాళీ చేసి కొత్తింటికి పొయ్యేటప్పుడు సామాన్లు మోసుకోని పోరా? ఉసురు తగుల్తాదా? ఈ ఇండ్లు కూల్చొద్దు. ఈడ పాలు పొంగినెయి గదా, అన్నీ ఈడికి తెచ్చి మళ్లీ కట్టండి. అడుగు రాయి అడుగునే పెట్టండి, పై రాయి పైనే పెట్టండి. బిన్నా రాండి, పొద్దు పోతాది.”

మద్దిలేటిరెడ్డి బూట్లు విడిచి, వంకలోకి దిగి, మొదటి ఇల్లు రాయి రాయిగా ఎత్తుకొచ్చాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. నేను నా పెండ్లాం ఇల్లు వెతుక్కొని తెచ్చి దారి మలుపులో కట్టాను. నడుములు విరిగిపోయాయి, గోళ్లు చిట్లిపోయాయి, ఎండకు మాడు పగిలిపోయింది. పొద్దు వాలేసరికి వంకలో ఒక్క రాయి మీద ఇంకో రాయి లేదు. ఇళ్లన్నీ అసలు దారి వెంట ఎండలోకి ఎక్కుతూ నిలబడ్డాయి. వంక మూతిని కంపతో మూసేశాం. అప్పుడు ఆమె బండ మీద కూలబడి ఏడ్చింది. ఎందుకో అందరికీ తెలుసు. ఎవరమూ ఓదార్చలేదు.

పోయిన వానాకాలంలో రత్నమ్మక్క జబ్బు చేసి పోయింది. ఆ ఏడు వానలు మామూలు వానలు కావు. ఈసారి అడవికి వెళ్లి చూస్తే దారి అక్కడక్కడా మాయమైపోయింది. వెదురు పొదలు కుప్పకూలి ఉన్నాయి, చీలిక దగ్గర మేం వేసిన కంప కొట్టుకుపోయింది. గుంపులో సగం మంది ఈ ఏటికి వదిలేద్దామన్నారు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. “వదిలేస్తే నడిచేటోళ్లు వదిలేస్తారాప్పా? వాళ్లు వచ్చేది వస్తారు,” అని అరిచాను. కొత్త మనిషిని ముందు నడిపించాం. అతను తడబడిన చోటల్లా పని చేశాం. శివరాత్రి ముందురోజు చీలిక దగ్గర నేనే కూర్చున్నాను.

మధ్యాహ్నం ఒక ముసలామె వచ్చి నా ముందు ఆగింది. “ఆలూరాయన పడిపోయింది ఈ పక్కనేనాప్పా? నేను ఆయప్ప పెండ్లాన్ని,” అంది. ఆమె మూట విప్పి ఒక రాయి తీసింది. తమ చేను నుంచి తెచ్చిందట. వంకలోకి పోయి ఆయన పడిన చోట పెట్టి వస్తానంది.

“ఆ పక్క వద్దమ్మా,” అన్నాను.

“నా మొగుడు పోయిన చోటికి నన్ను వద్దనేకి నువ్వెవురప్పా?”

పోనీలే పాపం, ఒక్క రాయే కదా అని నాకూ అనిపించింది. కానీ ఒప్పుకోలేదు. “ఆడ రాయి కనపడితే ఇంగొకరు అట్లే పోతారమ్మా. మీ ఆయన దావ తప్పలేదు. రాళ్లు పేర్చినకాడికల్లా పో అని మేమే చెప్పినాం. చెప్పినట్లే పోయినాడు. తప్పు మాది. మా అక్క ఈ మాట మీకు చెప్పల్లని మీ ఊరికి గూడా వచ్చింది. మీరు దొరకలేదు.”

ఆమె రాయిని రొమ్ముకు ఆనించుకుంది. “తాగి సచ్చినాడని ఊరంతా అన్న్యారు నాయనా,” అంది. “ఆయప్ప పుట్టినాక తాగి ఎరగడు.” కొంగుతో ముఖం తుడుచుకొని, ఎండలో పైకి పోతున్న రాళ్ల వరసను చూసింది. కుడివైపుకు వచ్చి, మొదటి గుర్తు మీద తన రాయి పెట్టింది. అది దొర్లకుండా చిన్న రాయి ఒకటి కింద దోపి సరిచేసింది.

తర్వాత మూట నెత్తికెత్తుకొని ఎక్కడం మొదలుపెట్టింది. నేను దారి చెప్పలేదు. ఆమె అడగలేదు.